కదిలే త్రిభుజాలు: యానిమేషన్ చూపించేది ఏమిటి, రుజువు చేసేది ఏమిటి?

మొన్న కావలిలో మా అక్కావాళ్లు ఇల్లు మొదలుపెట్టారు. పొద్దున ఆరున్నరకే మేస్త్రీ వచ్చి స్థలంలో ముగ్గు పోశాడు. మూలల్లో మేకులు కొట్టి, పురికొస బిగించి, దాని వెంబడే సున్నం పొడి వదిలాడు. మొదటి మూల దగ్గర ఒక దారం మీద 3 అడుగులకు, రెండో దారం మీద 4 అడుగులకు గుర్తులు పెట్టి, ఆ గుర్తు నుంచి ఈ గుర్తుకు టేపు లాగాడు. 5 అడుగులకు రెండంగుళాలు తక్కువ వచ్చింది. రెండో దారం చివరి మేకు పీకి కాస్త అవతలికి కొట్టాడు. మళ్లీ లాగితే సరిగ్గా 5. "మూల కుదిరిందండీ" అన్నాడు.

పదో తరగతి చదివే మా మేనకోడలు పక్కనే నిలబడి ఫోన్‌లో ఒక యానిమేషన్ చూపించింది. లంబకోణ త్రిభుజం, దాని మూడు భుజాల మీద మూడు చదరపు డబ్బాలు. పెద్ద డబ్బా నిండా నీలం నీళ్లు. బొమ్మ మొత్తం గిర్రున తిరిగితే ఆ నీళ్లు జారి, చిన్న డబ్బాలు రెండింటినీ చుక్క మిగలకుండా నింపేశాయి. "ఇంత స్పష్టంగా కనపడుతుంటే పరీక్షలో పేజీడు నిరూపణ మళ్లీ ఎందుకు రాయాలి మామయ్యా?" అంది.

ప్రభుత్వ హైస్కూళ్లలో కూడా పెద్ద టచ్ ప్యానెళ్లు వచ్చాక ఈ ప్రశ్న చాలా ఇళ్లలో, చాలా స్టాఫ్ రూముల్లో వినపడుతోంది. కొట్టిపారేసే ప్రశ్న కాదు. రెండువేల ఏళ్లకు పైగా పెద్దపెద్దవాళ్లు తగాదా పడ్డ ప్రశ్న ఇది.

## ముందు కొన్ని మాటల అర్థాలు

జ్యామితి అన్నా రేఖాగణితం అన్నా ఒకటే. సంస్కృతంలో 'జ్యా' అంటే భూమి, 'మితి' అంటే కొలత. గ్రీకువాళ్ల జామెట్రీ అన్న మాటకూ అదే అర్థం. ఎప్పుడైనా, ఎక్కడైనా నిజమని తేలిన మాటను 'సిద్ధాంతం' అంటారు. అది ఎందుకు నిజమో మెట్టు మెట్టుగా చూపడం 'నిరూపణ'. ఆ మెట్లు ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా. మొదట్లోనే ఒప్పుకునే ఆ సంగతులే 'స్వీకృతాలు'.

యానిమేషన్ అంటే కొద్దికొద్దిగా మారే బొమ్మల వరస. సెకనుకు 24, 30 లేదా 60 బొమ్మలు వెళ్తుంటే మన కన్ను వాటిని కలిపేసి కదలికగా చూస్తుంది. లెక్కల యానిమేషన్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది వీడియో. అది తీసినవాళ్లు నిర్ణయించిన దారిలోనే కదులుతుంది. గ్రాంట్ శాండర్సన్ 2015లో మొదలుపెట్టిన త్రీబ్లూవన్‌బ్రౌన్ అనే యూట్యూబ్ ఛానల్ వీడియోలు ఈ రకం. వాటి కోసం ఆయన పైథాన్‌లో రాసుకున్న 'మానిమ్' అనే సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు. రెండో రకంలో బొమ్మను మన వేలితో మనమే లాగుతాం. మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మొదలుపెట్టిన 'జియోజీబ్రా' అలాంటిది. త్రిభుజం ఒక కొనను పట్టుకుని ఎటు లాగినా మిగతా బొమ్మ దాని వెంట సర్దుకుంటుంది.

మేనకోడలు చూపించింది మొదటి రకం. అందులో ఉన్నది ఒకే ఒక్క త్రిభుజం. పైగా ఆ నీళ్లు నిజం నీళ్లు కావు. గీసినవాళ్లు నిండమన్నారు కాబట్టి నిండాయి.

## తాడు 'చేస్తుంది' అన్న బౌధాయనుడు

మేస్త్రీ చేతిలోని పురికొసకు చాలా పాత చుట్టాలున్నారు. యజ్ఞవేదికలు కట్టడానికి కావలసిన కొలతలు చెప్పే గ్రంథాలు శుల్బసూత్రాలు. శుల్బం అంటే తాడే. వాటిలో అన్నిటికంటే పాతదిగా చెప్పే బౌధాయన శుల్బసూత్రాన్ని పండితులు సుమారు క్రీ.పూ. 800, 500 మధ్య కాలానిదిగా లెక్కిస్తారు. అందులో ఒక సూత్రం భావం ఇది: దీర్ఘచతురస్రంలో నిలువు, అడ్డం విడివిడిగా ఎంతెంత వైశాల్యం చేస్తాయో, ఆ రెండింటినీ కర్ణం మీద చాచిన తాడు తానొక్కటే చేస్తుంది.

'చేస్తుంది' అన్న క్రియ మీద నాకు మహా ఇష్టం. సూత్రంలో ఉన్న మాట 'కరోతి'. వైశాల్యం అక్కడ ముందే పడి ఉండదు. తాడు దాన్ని తయారు చేస్తుంది. ఆపస్తంబ శుల్బసూత్రంలో 3-4-5తో పాటు 5-12-13, 8-15-17, 12-35-37 కొలతలు కూడా ఉన్నాయి. చదరం కర్ణం కోసం ఒక లెక్క కూడా ఇచ్చారు: భుజానికి దాని మూడో వంతు కలుపు, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలుపు, ఆ నాలుగో వంతులో 34వ వంతు తీసేయ్. వచ్చేది 577/408, అంటే 1.414216. అసలు విలువ 1.414214. ఒక పక్క 100 మీటర్లున్న చదరంలో కర్ణం ఈ లెక్కతో కడితే వచ్చే తేడా మిల్లీమీటరులో ఐదో వంతు!

మరి ఇది పైథాగరస్ సిద్ధాంతమా, బౌధాయన సిద్ధాంతమా అని తరచూ వాదనలు జరుగుతుంటాయి. రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోవడంతోనే ఈ చిక్కు. ఈ సంబంధం ముందు ఎవరికి తెలుసంటే, క్రీ.పూ. 1800 ప్రాంతపు బాబిలోనియా మట్టిపలకల మీదే ఇలాంటి సంఖ్యలు కనిపిస్తున్నాయి. అన్ని దీర్ఘచతురస్రాలకూ వర్తించేలా మాటల్లో పెట్టింది ఎవరంటే, మనకు దొరికినవాటిలో బౌధాయనుడి సూత్రం చాలా పాతది. స్వీకృతాల నుంచి మొదలుపెట్టి నిరూపణ రాసిపెట్టింది ఎవరంటే, క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో యూక్లిడ్. ఆయన 'ఎలిమెంట్స్' 13 భాగాల గ్రంథం. అందులో మొదటి భాగంలో 47వ ప్రతిపాదన ఇదే. పైథాగరస్ స్వయంగా రాసిందంటూ మనకు ఏదీ మిగల్లేదు. ఎవరి పేరు పెట్టాలన్నది మనం ఈ మూడింట్లో దేనికి విలువిస్తామన్న దాన్ని బట్టి ఉంటుంది.

## కదలిక మీద ప్లేటో కోపం, దాన్ని తిరగేసిన కుర్రాడు

గ్రీకు తత్వవేత్త ప్లేటోకు మేస్త్రీ భాష నచ్చలేదు. రేఖాగణితం చేసేవాళ్లు 'చదరం చేస్తాం', 'కలుపుతాం' అంటూ ఏదో చేతిపని చేస్తున్నట్టు మాట్లాడతారని, అసలు ఈ విద్య ఎన్నటికీ మారని వాటి గురించిన జ్ఞానమని ఆయన 'రిపబ్లిక్'లో తప్పుబట్టాడు. యూక్లిడ్ కూడా కదలికను వీలైనంత దూరం పెట్టాడు. కానీ నాలుగో ప్రతిపాదన దగ్గరకు వచ్చేసరికి కుదరలేదు. రెండు భుజాలు, మధ్య కోణం సమానమైతే రెండు త్రిభుజాలూ సర్వసమానం అని చూపడానికి ఒక త్రిభుజాన్ని ఎత్తి రెండోదాని మీద పెట్టాడు. ఎత్తి పెట్టడం ఏ స్వీకృతంలో ఉందని తర్వాతి తరాలు నిలదీశాయి. 1899లో డేవిడ్ హిల్బర్ట్ యూక్లిడ్ పద్ధతిని కొత్తగా కట్టినప్పుడు ఆ సంగతినే ఒక స్వీకృతంగా పెట్టుకోవాల్సి వచ్చింది.

దీనికి ముందే, 1872లో, ఫెలిక్స్ క్లైన్ అనే 23 ఏళ్ల జర్మన్ ప్రొఫెసర్ మొత్తం విషయాన్నే తిరగేశాడు. బొమ్మను జరపండి, తిప్పండి, అద్దంలో చూపండి. అలా చేసినా మారకుండా ఏవి మిగులుతాయో వాటి అధ్యయనమే రేఖాగణితం అన్నాడు. కదలికను బయటకు నెట్టడం మానేసి దాన్నే పునాదిగా పెట్టుకున్నాడు. ఏ కదలికలను ఒప్పుకుంటామో మారిస్తే వేరే రేఖాగణితం వస్తుంది.

ఏ యానిమేషన్ ముందు కూర్చున్నా అడగదగ్గ ప్రశ్న మనకు ఇక్కడే దొరుకుతుంది: ఇదంతా కదులుతుంటే మారనిది ఏమిటి?

## 7 అడుగుల చదరంలో నాలుగు త్రిభుజాలు

నీళ్ల బొమ్మ కంటే మంచి యానిమేషన్ ఒకటుంది. కాగితం కత్తిరించి కూడా చేయొచ్చు. 7 అడుగుల చదరం తీసుకుందాం. దాని నాలుగు మూలల్లో నాలుగు లంబకోణ త్రిభుజాలు. ఒక్కోదానికి లంబకోణం పక్క భుజాలు 3, 4. ప్రతి అంచూ 3+4గా సరిగ్గా నిండుతుంది. మధ్యలో వాలుగా ఒక ఖాళీ మిగులుతుంది. మొత్తం వైశాల్యం 49. ఒక్కో త్రిభుజం 6, నాలుగూ కలిపి 24. ఖాళీ 25.

ఇప్పుడు త్రిభుజాలు జారతాయి. రెండేసి జతకూడి 3×4 దీర్ఘచతురస్రాలు రెండవుతాయి. ఖాళీ రెండు ముక్కలవుతుంది: ఒకటి 3×3, ఇంకోటి 4×4. బయటి చదరం మారలేదు, త్రిభుజాలు మారలేదు. కాబట్టి ఖాళీ మొత్తం మారకూడదు. 9+16=25. పైగా 3, 4 బదులు ఏ అంకెలు పెట్టినా ఇదే కథ. నీళ్ల బొమ్మలో లేని బలం దీనికి ఇక్కడి నుంచే వస్తుంది.

అయినా కన్ను ఒక మెట్టు దాటేసింది. మధ్యలో వాలుగా ఉన్న ఖాళీ చదరమే అని ఎవరు చెప్పారు? నాలుగు పక్కలూ సమానమే, సరే. పక్కకు నొక్కిన మంచంలా వంకరగా ఉండొచ్చు కదా! బయటి అంచు మీద 3, 4 కలిసే చోట చూడండి. అక్కడ మూడు కోణాలు పక్కపక్కన ఉన్నాయి: ఒక త్రిభుజం చిన్న కోణం, ఖాళీ మూల, ఇంకో త్రిభుజం పెద్ద కోణం. మూడూ కలిసి సరళరేఖ, అంటే 180 డిగ్రీలు. త్రిభుజం చిన్న కోణం, పెద్ద కోణం కలిస్తే 90. కాబట్టి ఖాళీ మూల 90. ఇప్పుడు చదరమే.

ఈ నాలుగు వాక్యాలు ఏ కదలికలోనూ కనపడవు. ఎవరో ఒకరు చెప్పాలి.

## 64 గళ్లు 65 అయ్యే యానిమేషన్

ఆ వాక్యాలు చెప్పకపోతే ఏమవుతుందో మేనకోడలికి గ్రాఫ్ కాగితం మీద చూపించాను. 8×8 చదరం, 64 గళ్లు. దాన్ని 8×3, 8×5 ముక్కలుగా కోశాం. మొదటి ముక్కను కర్ణం వెంబడి కోస్తే రెండు త్రిభుజాలు. రెండోదాన్ని వాలుగా కోస్తే 3, 5 సమాంతర భుజాలుగా ఉన్న రెండు ట్రెపీజియాలు. ఈ నాలుగింటినీ 13×5 దీర్ఘచతురస్రంగా పేర్చొచ్చు. 13×5 అంటే 65! కాగితం పెరగలేదు, గడి ఎలా పెరిగింది?

ఆ పిల్ల రెండు సార్లు పేర్చి చూసింది. గళ్లు లెక్కపెట్టింది. తర్వాత ముక్కలను కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూసింది. మూల నుంచి మూలకు పోయే గీత దగ్గర సన్నటి వెలుగు చీలిక కనపడింది. త్రిభుజం వాలు 8 గళ్లకు 3, అంటే 0.375. ట్రెపీజియం వాలు 5 గళ్లకు 2, అంటే 0.4. అవి రెండూ ఒకే గీత మీద ఉండవు. ఒక సెంటీమీటరు గళ్లతో చేస్తే దాదాపు ఒక మిల్లీమీటరు మందంలో, 14 సెంటీమీటర్ల పొడవున ఉన్న ఆ సందు వైశాల్యమే ఎక్కువొచ్చిన గడి. యానిమేషన్‌లో గీత కాస్త లావుగా గీస్తే ఆ సందు పూర్తిగా కప్పబడిపోతుంది.

ఇంకో బొమ్మ మరీ ప్రమాదకరం. మేస్త్రీ త్రిభుజంలో ఈ గుర్తు నుంచి ఆ గుర్తుకు నేరుగా పోతే 5 అడుగులు. మూల మీదుగా పోతే 3+4=7. ఇప్పుడు మెట్లుమెట్లుగా పోదాం. రెండు మెట్లయినా 7, పది మెట్లయినా 7, వెయ్యి మెట్లయినా 7. యానిమేషన్‌లో మెట్లు చిన్నవవుతూ కర్ణంలో కలిసిపోయినట్టే కనిపిస్తాయి. కాబట్టి 5=7 అందామా? ఆకారం దగ్గరకు వచ్చినంత మాత్రాన పొడవు దగ్గరకు రాదు. ఇందులో మారనిది ఏమిటని అడిగితే జవాబు ఎదురుగానే ఉంది: 7.

## వృత్తం విషయంలో అదే పని ఎందుకు తప్పు కాదు

వృత్తాన్ని ముక్కలుగా కోసి, ఒకటి పైకి ఒకటి కిందికి పేర్చే యానిమేషన్ చాలామంది చూసే ఉంటారు. ముక్కలు సన్నబడేకొద్దీ దీర్ఘచతురస్రంలా అవుతుంది. పొడవు పరిధిలో సగం, ఎత్తు వ్యాసార్ధం. మెట్లు మోసం చేశాయి కదా, ఇది ఎలా నమ్మాలి? ఇక్కడ తప్పును రెండు వైపులా బంధించవచ్చు. వృత్తం లోపల ఒక బహుభుజి, బయట ఒక బహుభుజి గీస్తే అసలు విలువ వాటి మధ్యే ఉండి తీరాలి. ఆర్కిమెడీస్ 96 భుజాల దాకా వెళ్లి, π (పరిధిని వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య) విలువ 223/71 కంటే ఎక్కువ, 22/7 కంటే తక్కువ అని ఇలాగే తేల్చాడు. మెట్ల దారికి ఇలాంటి బంధం లేదు.

ఆర్యభటుడు 499లో, తనకు కూడా 23 ఏళ్లున్నప్పుడు, ఈ విలువను ఒక శ్లోకంలో చెప్పాడు: నూటికి నాలుగు కలిపి ఎనిమిదితో హెచ్చించు, 62,000 కలుపు. 104×8=832, మొత్తం 62,832. వ్యాసం 20,000 ఉన్న వృత్తానికి ఇది పరిధి. భాగిస్తే 3.1416. దానికి ఆయన వాడిన మాట 'ఆసన్న', అంటే దగ్గరిది. ఇంతే అనలేదు, ఇంతకు దగ్గర అన్నాడు. తెర మీద అంకెలు చూసేటప్పుడు ఆ మాట గుర్తుంచుకోవాలి. జియోజీబ్రాలో త్రిభుజాన్ని లాగుతుంటే రెండు దశాంశాలకు కుదించిన మూడు కోణాలు ఒక్కోసారి కలిపి 180.01 అవుతాయి. సిద్ధాంతం తప్పి కాదు, కుదింపు వల్ల.

## పదిహేను చుక్కల ముగ్గులో ఒక ఘనం

మోసాల గురించే చెబితే యానిమేషన్‌కు అన్యాయం చేసినట్టే. కదలిక లేకపోతే నాకు జన్మలో తట్టనిది ఒకటుంది.

ధనుర్మాసంలో మా అమ్మ వేసే ముగ్గు: పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేవరకు. మధ్య వరసలో 15, దానికి అటూ ఇటూ సందుల్లో 14, 13, అలా 8 దాకా. ఆరు పక్కల ఆకారం వస్తుంది, ఒక్కో పక్కకు 8 చుక్కలు. మొత్తం ఎన్ని? 8 నుంచి 14 దాకా కూడితే 77. రెండు వైపులా 154. మధ్య 15 కలిపితే 169.

ఇప్పుడు 8×8×8 చెక్క దిమ్మెల ఘనాన్ని ఊహించండి. 512 దిమ్మెలు. ఒక మూల మన కళ్లకు ఎదురుగా వచ్చేలా తిప్పండి. మూడు ముఖాలు కనిపిస్తాయి, అంచు ఆరు పక్కలుగా ఉంటుంది. వెనక దాక్కున్నది 7×7×7 ఘనం, 343 దిమ్మెలు. దాన్ని తీసేస్తే కనిపించే డొల్లలో మిగిలేవి 512−343=169. ఒక్కో దిమ్మె నడిబొడ్డున ఒక చుక్క పెడితే అది అమ్మ ముగ్గే.

చిన్న ముగ్గుల్లోనూ ఇంతే. ఐదు చుక్కలు మూడు వచ్చేవరకు అయితే 19, అది 27−8. ఏడు చుక్కలు నాలుగు వచ్చేవరకు అయితే 37, అది 64−27. అంటే ఒక్క చుక్క, 7 చుక్కల ముగ్గు, 19, 37, ఇలా వరసగా డొల్లలు ఒకదాని మీద ఒకటి తొడిగితే ప్రతిసారీ నిండు ఘనం వస్తుంది. నేల మీద చదునుగా ఉన్న బొమ్మకు ఇలా లోతు ఉందని ఘనాన్ని తిప్పి చూపించే యానిమేషనే నాకు చెప్పింది. డొల్లలో ఏ రెండు దిమ్మెలూ ఒకదాని వెనక ఒకటి పడవు కాబట్టి, ఎదురుగా చూస్తే లెక్క మారదు. ఇక్కడ చూడటానికీ రుజువుకూ మధ్య దూరం ఆ ఒక్క వాక్యమే.

## నెల్లూరు మీదుగా ఉత్తర ధ్రువానికి

నాలుగు త్రిభుజాల దగ్గర 'చిన్న కోణం, పెద్ద కోణం కలిస్తే 90' అన్నాం. త్రిభుజం మూడు కోణాల మొత్తం 180 కాబట్టి. అది ఎప్పుడూ నిజమేనా?

నెల్లూరు దాదాపు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఆ రేఖాంశం మీద భూమధ్యరేఖ దగ్గర, శ్రీలంకకు దక్షిణాన సముద్రంలో, బయలుదేరి నేరుగా ఉత్తరానికి పోదాం. నెల్లూరు దాటి, ఉత్తర ధ్రువం చేరి, అక్కడ 90 డిగ్రీలు తిరిగి 170 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట భూమధ్యరేఖకు దిగి, దాని వెంబడే వెనక్కి రావాలి. మూడు మూలల్లోనూ లంబకోణమే. మొత్తం 270. గోళం మీద 180 లెక్క చెల్లదు.

చదునైన తలం మీద ఆ లెక్క యూక్లిడ్ ఐదో స్వీకృతం మీద, అంటే సమాంతర రేఖల గురించిన దాని మీద ఆధారపడి ఉంది. మిగతావాటి నుంచి దాన్ని రాబట్టాలని రెండు వేల ఏళ్లు ప్రయత్నించారు. 1829లో రష్యాలో లోబచెవ్‌స్కీ, 1832లో హంగరీలో బోల్యాయ్ అది లేకుండానే మరో రేఖాగణితం నిలబడుతుందని చూపించారు. అక్కడ త్రిభుజం కోణాలు 180 కంటే తక్కువ. ఫోన్ తెర చదును. ఆ చదునును యానిమేషన్ చెప్పకుండానే ఒప్పేసుకుంటుంది. స్వీకృతాన్ని పైకి చెప్పడం నిరూపణ చేసే పని.

## బడిలో ఏ వాదన ఎంతవరకు

యానిమేషన్ కావాలనే టీచర్ల మాట బలమైనదే. నిరూపణను అర్థం కాకుండా బట్టీ పట్టి, బొమ్మలో పేర్లు మారిస్తే ఆగిపోయే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. రేఖాగణితం అంటేనే టెన్షన్ పడే పిల్లకు త్రిభుజం జారడం చూశాక కనీసం దేన్ని నిరూపిస్తున్నామో తెలుస్తుంది.

వద్దనేవాళ్ల మాటలోనూ నిజం ఉంది. చూడటం సుఖంగా ఉంటుంది, ఆ సుఖాన్ని అర్థం కావడమనుకుంటాం. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన, మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పావులూరు అనే ఊరు ఇప్పటికీ ఇంకొల్లు దగ్గర ఉంది, 2022 దాకా ప్రకాశం జిల్లాలోది. పద్యం బొమ్మను ఇవ్వదు. చదివినవాడు దాన్ని మనసులోనో ఇసుకలోనో గీసుకోవాల్సిందే. బొమ్మ తయారుగా వచ్చేస్తే ఆ కసరత్తు పోతుందన్న భయం న్యాయమైనదే.

నాకు వీడియో కంటే వేలితో లాగే బొమ్మ మీద, దానికంటే కత్తెర, కాగితం మీద నమ్మకం ఎక్కువ. 64 గళ్ల చీలికను ఆ పిల్ల తెర మీద చూసి ఉంటే మర్చిపోయేది.

ఆ రోజు స్థలంలో పని ఇంకా మిగిలే ఉంది. ఇల్లు 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. నాలుగు మేకులూ కొట్టి, నాలుగు పక్కలూ కొలిచాక మేస్త్రీ ఎదురెదురు మూలలకు టేపు లాగాడు. క్రాస్ 50 అడుగులు. రెండో క్రాస్ లాగడానికి టేపు చివర మేనకోడలి చేతికిచ్చాడు. ఆ పిల్ల కదల్లేదు. "అదీ 50 వస్తుంది. పక్కలు 30, 40 అయ్యి ఒక క్రాస్ 50 అయితే రెండోది ఇంకోలా రావడానికి లేదు" అంది. మేస్త్రీ నవ్వి, "లాగమ్మా" అన్నాడు. లాగింది. 50 అడుగుల పావంగుళం. ఆయన వంగి, ఆ మూల మేకును బొటనవేలితో కాస్త లోపలికి నొక్కాడు.